గ్రాఫిక్స్ క్లాక్ తగ్గించినా బ్యాటరీ 14 వాట్లు తాగుతోంది, చిప్ నిద్రపోవట్లేదెందుకు?

ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, ఇంటెల్ ప్రాసెసర్, పక్కన ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1650. బ్యాటరీ 48 వాట్-అవర్. గేములు లేవు, బ్రౌజరూ టెర్మినలూ అంతే. ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ (కార్డుని అదుపు చేసే కమాండ్)లో క్లాక్ హద్దులు పెట్టే ఎల్‌జీసీ ఆప్షన్‌తో కోర్ క్లాక్‌ని 300 నుంచి 600 మెగాహెర్ట్జ్ మధ్య కట్టేశాను. వీడియో రెండర్ చేసేటప్పుడు తేడా బాగానే తెలుస్తోంది, ఫ్యాన్ కూడా నెమ్మదించింది. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం బ్యాటరీ వాడకం చూపే పవర్-నౌ ఫైల్‌లో అదే 14 వాట్లు. అంటే మూడున్నర గంటలు కూడా రాదు.

వోల్టేజ్ ఒక మట్టానికి దిగాక క్లాక్ ఎంత కోసినా పెద్దగా మిగలదని తెలుసు. కాబట్టి అసలు దారి గ్రాఫిక్స్ చిప్‌ని డీ3 స్థితికి, అంటే గాఢనిద్రకి పంపడమే. ఎన్‌విడియా డ్రైవర్‌లో డైనమిక్ పవర్ మేనేజ్‌మెంట్ విలువ 0ఎక్స్02 పెట్టి, బూట్ అయ్యేటప్పుడు వాడే ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ కట్టి, రీబూట్ చేశాను. అయినా 01:00.0 (కార్డు పీసీఐ చిరునామా) రన్‌టైమ్ స్టేటస్ ఫైల్ "యాక్టివ్" అనే చూపిస్తోంది, అంటే మెలకువగానే ఉంది. (ఎస్‌ఎంఐ నడిపితే అదే చిప్‌ని లేపుతుంది కనుక ఫైల్ మాత్రమే చదువుతున్నాను.) హెచ్‌డీఎంఐకి ఏమీ తగిలించలేదు.

అనుమానం 01:00.1 మీద, అంటే కార్డులోని ఆడియో భాగం. దాని పవర్ కంట్రోల్ "ఆన్"లోనే ఉంది. దాన్ని "ఆటో" చేస్తే చాలా, లేక తెరని నడిపే ఎక్స్‌ఆర్గ్ కార్డు మెమరీలో పట్టుకున్న 4 ఎంబీ కూడా అడ్డమేనా? ఈ "ఆటో"ని యూడెవ్ రూల్‌తో (పరికరం కనబడగానే లినక్స్ అమలు చేసే నియమం) శాశ్వతం చేసినవాళ్లుంటే ఆ లైను పెట్టండి. బయోస్‌లో కార్డు ఆపే ఆప్షన్ లేదు, అది చెప్పకండి.