బందరు రేవును ముంచింది మేటా, సరుకు దూరమవడమా?

(బందరు, అంటే మచిలీపట్నం, పోర్టు మీద నలుగురి వాదన ఇది. ఎవరిది ఏ చోటో అదే వాళ్ల పేరు: కోనేరు సెంటర్ బందరులోనిది, గిలకలదిండి దాని పక్క చేపల రేవు, పెడన దగ్గర్లోని అద్దకం ఊరు.)

కోనేరు సెంటర్:
2023లో కొత్త పోర్టు పనులు మొదలైనప్పటి నుంచి మచిలీపట్నంలో నలుగురు చేరిన చోటల్లా ఒకటే మాట. కృష్ణ తెచ్చిన ఒండ్రుకి సముద్రం మేట వేసింది, అందుకే రేవు పడిపోయింది, డ్రెడ్జింగ్ చేస్తే, అంటే అడుగున పేరుకున్న మట్టి తవ్వి తీస్తే, మళ్లీ లేస్తుంది అని. నేను ఒప్పుకోను. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ వచ్చేనాటికే ఇక్కడ లోతు లేదు. అంతకుముందే వచ్చిన డచ్చివాళ్ల ఓడలూ దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. బట్టల మూటలు చిన్న పడవల మీద వెళ్లి ఓడ ఎక్కేవి. అయినా గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన రేవు ఇదే. అద్దకం బట్ట ఇక్కణ్ణుంచే పర్షియా దాకా పోయింది.

మరి దెబ్బ ఎక్కడ తగిలింది? 1641లో ఇంగ్లీషువాళ్లు తమ ప్రధాన స్థావరాన్ని మద్రాసుకి మార్చేసుకున్నారు. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. సరుకు కొనే కంపెనీ పక్కకి జరిగింది, వెనక నిలబడ్డ రాజ్యం కూలింది. మేటకి ఏం తెలుసండీ ఇవన్నీ!

గిలకలదిండి:
మీరు పుస్తకం చూసి చెబుతున్నారు, నేను మొగ (నీరు సముద్రంలో కలిసే చోటు) చూసి చెబుతున్నా. పాటు మీద, అంటే సముద్రం నీరు వెనక్కి తగ్గినప్పుడు, బోటు వస్తే సరంగు (బోటు నడిపేవాడు) ఇంజను తగ్గించి గడ వేసి చూస్తాడు. గడ నడుం లోతులోనే ఇసకకి తగిలిందంటే ఇక పోటు వచ్చి నీరు పెరిగేదాకా ఆగాల్సిందే. ఐసులో చేప ఉన్నా సరే. చిన్న బోటుకే ఇంత టెన్షన్ అయితే పెద్ద ఓడ మాటేంటి? తెరచాప ఓడల కాలం వేరు. ఆవిరి ఓడలొచ్చాక లోతు లేని రేవుని ఎవరు చూస్తారు? పైగా 1864 నవంబరు 1 ఉప్పెన. సుమారు 30 వేల మంది పోయారు. ఊరే తుడిచిపెట్టుకుపోతే రేవు ఎక్కడ మిగులుతుంది?

కాకినాడ వాసి:
గిలకలదిండి గారూ, మా యాంకరేజ్ పోర్టు చూడండి. ఓడ సముద్రంలోనే ఆగుతుంది, బియ్యం బస్తాలు బార్జీల మీద వెళ్తాయి. ఈ రోజుకీ అంతే. కాకపోతే హోప్ ఐలాండ్ అలల్ని కాస్తుంది, బందరుకి ఆ అడ్డం లేదు. అది మీ వైపు మాటే.

పెడన:
బట్ట సంగతి ఒక్క ముక్కలో దాటేశారు. నాకు అదే అసలు కథ. కరక్కాయ నీళ్లలో గుడ్డ నానాలి. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి ఊరబెడితే వచ్చే నలుపుతో గీత అచ్చు పడాలి. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్ది, చిరివేరుతో (ఎరుపు రంగిచ్చే మొక్క వేరు) ఉడకబెట్టాలి. పారే కాలువలో ఉతకాలి. ఆ చిరివేరు ఈ డెల్టా ఇసక నేలల్లోనే, నిజాంపట్నం వైపు, బాగా పండేది. మేట అని తిట్టుకునే ఆ మట్టే మనకి సరుకు ఇచ్చింది! ఇంగ్లండు మిల్లు గుడ్డ చవగ్గా దిగాక మగ్గం, అద్దకం రెండూ కుదేలయ్యాయి. ఎక్కించడానికి మూట లేకపోతే రేవు ఎంత లోతుంటే ఏం?

కోనేరు సెంటర్:
పెడన గారు నేను వదిలేసింది చెప్పారు. గిలకలదిండి గారూ, ఇప్పటి ఓడలకి లోతు తప్పదు, ఆ మాట ఒప్పుకుంటున్నా. డ్రెడ్జింగ్ వద్దని కాదు నేను అనేది. 2008, 2019, 2023, మూడుసార్లు శంకుస్థాపన చేశారు. ప్రతిసారీ బెర్తుల (ఓడలు ఆగి సరుకు దించే చోట్ల) గురించే విన్నాం, రైలు మాట వెనకబడింది. గుంటూరు మిర్చి బస్తా బందరు రావాలంటే ఈ రోజు రైల్లో విజయవాడ, గుడివాడ చుట్టి రావాలి. బందరు–రేపల్లె లైను వేస్తే తెనాలి మీదుగా నేరుగా వచ్చేస్తుంది. దశాబ్దాలుగా అడుగుతున్న లైను అది. పోర్టు తెరిచేలోపు దాని కోసం మనం గట్టిగా అడగకపోతే, ఆ బస్తా ఇప్పుడు వెళ్తున్న రేవుకే వెళ్తుంది.