సమస్య: వెనుక చూడ నెవరు వెంట లేరు

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చానండీ, మీరు పై మూడూ కట్టాలి. విషయం ఏకపక్షంగా ముగిసిన గుర్రప్పందేలు (లెంగ్తు అంటే ఒక గుర్రం పొడవు, గెలుపు తేడా దాంతోనే కొలుస్తారు). గుర్రం పేరు పద్యంలో రాకూడదు, మిగతావాళ్ళు కనిపెట్టాలి.

పూరణ 1
ముప్పదొక్క లెంగ్తు ముందుకే యురికెను
ఎర్ర గుర్ర మొకటి యెదురు లేక
గడియ చూడ జాకి గబగబా తల తిప్ప
వెనుక చూడ నెవరు వెంట లేరు

- సెక్రటేరియట్! అమెరికాలో 1973 బెల్మాంట్ పందెం, 2 నిమిషాల 24 సెకన్లు, ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. అంతకుముందు రెండు రేసుల్లోనూ గట్టి పోటీ ఇచ్చిన షామ్ ఇందులో ఆఖర్న వచ్చింది పాపం.
- జాకీ టర్కాట్ తల తిప్పింది టైమ్ బోర్డు కోసమే, అది పట్టుకోవడం చాలా బావుంది. కానీ "చూడ" రెండుసార్లు పడింది, "గడియ కొరకు జాకి" అంటే గణాలు చెడవు.

పూరణ 2
నూరు లెంగ్తు లనిన నోరెత్తు వారేరి
పోటి కొకటె వచ్చి వెనుక బడియె
మార్గ మెల్ల తానె మనసార పరుగిడి
వెనుక చూడ నెవరు వెంట లేరు

- మేన్ ఓ వార్, 1920, ఎదురు నిలిచింది హుడ్‌వింక్ ఒక్కటే.
- రెండో పాదంలో యతి తప్పిందండీ, "పో"కి "వె" కుదరదు. "పోటి కొకటె వచ్చి పోయె వెనుక" అంటే సరి. మూడో పాదం మాత్రం హాయిగా ఉంది.

పూరణ 3
గెలుపు నాదె యనుచు గెంతెను రెండోడు
మొదటి గుర్ర మపుడె ముంగిటుండె
తప్పు గాదు వాని తలపది యెట్లన్న
వెనుక చూడ నెవరు వెంట లేరు

- షెర్గార్ కదా? 1981 ఎప్సమ్ డెర్బీ, 10 లెంగ్తులు, ఆ డెర్బీ చరిత్రలోనే అతి పెద్ద తేడా, జాకీ స్విన్‌బర్న్‌కి అప్పుడు 19 ఏళ్ళే.
- రెండో స్థానంలో గ్లింట్ ఆఫ్ గోల్డ్ మీద ఉన్న మథయస్ తనే గెలిచేశాననుకున్నాడట, తర్వాత చూస్తే ఎక్కడో ముందు ఇంకో గుర్రం ఉంది, అబ్బ ఎంత బాగా వాడారండీ!
- వెనకాల గుర్రాలున్నాయిగా, "ఎవరు లేరు" ఎలా అంటారు?
- ఉన్నాయి, కానీ "వెంట" అంటే పక్కనే అంటుకుని రావడం, ఆ మాత్రం వెసులుబాటు పద్యానికి ఇవ్వాలి. అందరూ గెలిచిన గుర్రం వైపు నుంచి రాస్తే ఈయన ఓడినవాడి వైపు నుంచి పూరించారు, సమస్యాపూరణంలో నాకు నచ్చేదే ఈ మలుపు. "రెండోడు" వాడుక మాటే అయినా ఇక్కడ భలే అతికింది, మార్చొద్దు. ఈసారి మొదటి స్థానం దీనికే, వచ్చే సమస్య ఈయనే ఇవ్వాలి.