ఒహాయోలో వైద్యవిద్య, కాలిఫోర్నియాలో రెసిడెన్సీ: ప్రాంతం అడ్డవుతుందా?

ప్రశ్న: నేను ఒహాయోలో వైద్యవిద్య మూడో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ (వైద్యపట్టా తర్వాత ఆసుపత్రిలో పొందే శిక్షణ) కాలిఫోర్నియాలో చేయాలని నా కోరిక. అక్కడ బంధువులు గానీ పూర్వపరిచయాలు గానీ లేని నాకు, కళాశాల ఉన్న ప్రాంతం ప్రతికూలమవుతుందా?

మొదటి జవాబు: కొంత ప్రభావం ఉంటుందండీ. ఇంటర్వ్యూ స్థానాలు పరిమితం కాబట్టి, నిజంగా రాదలచినవారెవరో రెసిడెన్సీ ప్రోగ్రామ్‌లు దరఖాస్తులోనే వెతుకుతాయి. ఈరాస్ (రెసిడెన్సీలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే వ్యవస్థ) దరఖాస్తులో దేశాన్ని 9 ప్రాంతాలుగా విభజించి, వాటిలో 3 వరకు ఎంచుకొని కారణం రాసే వీలు కల్పించారు. మీరు కాలిఫోర్నియా ఉన్న పసిఫిక్ ప్రాంతాన్ని ఎంచుకుంటే ఆ సంగతి అక్కడి ప్రోగ్రామ్‌లకే కనిపిస్తుంది కనుక, మిగతా ప్రాంతాలవారు ఏమనుకుంటారోనన్న సంకోచం అక్కర్లేదు. వాతావరణం బాగుంటుందని కాక, అక్కడ ఏ రోగులకు సేవ చేయదలచారో, ఎందుకో రాయండి.

రెండో జవాబు: నా దృష్టిలో ప్రాంతం ఎంపిక కంటే ప్రోగ్రామ్ సిగ్నళ్లు (ఫలానా ప్రోగ్రామ్‌పై ప్రత్యేక ఆసక్తి ఉందని తెలిపే, పరిమిత సంఖ్యలో ఇచ్చే గుర్తులు) బలమైనవి. వాటిని పేరుప్రతిష్ఠలున్న సంస్థలకే వెచ్చించవద్దు.

మూడో జవాబు: వీలైతే నాలుగో సంవత్సరం ఆరంభంలో అక్కడి ఆసుపత్రిలో విజిటింగ్ రొటేషన్ (వేరే సంస్థలో కొన్ని వారాలు చేసే శిక్షణ) చేసి, సిఫారసు లేఖ తెచ్చుకోండి, బంధుత్వాలు లేని లోటును అది చాలావరకు పూడుస్తుంది. ఇంటర్వ్యూల తర్వాత ప్రోగ్రామ్‌లను వరుసగా పేర్చి ఇచ్చే ర్యాంకు జాబితాలో మాత్రం మీ నిజమైన ఇష్టక్రమాన్నే పాటించండి, ఎందుకంటే అభ్యర్థులను ప్రోగ్రామ్‌లతో జతచేసే మ్యాచ్ అల్గారిథమ్ అభ్యర్థి ప్రాధాన్యాలతోనే మొదలవుతుంది.