ఫోర్జ్డ్ టైటానియం డ్రైవర్‌తో బంతి కుడికే పోతోంది, షాఫ్ట్ మార్చాలా?

అడిగినవారు, సీతమ్మధార

అందరికీ నమస్కారం. నాకు 54 ఏళ్లు, కుడిచేతి వాటం. గోల్ఫ్ మొదలుపెట్టి నాలుగేళ్లయింది. ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ కోర్సులో వారానికి రెండు రోజులు, ఎండ ఎక్కకముందే ఆడి వచ్చేస్తాను. ఐరన్లు, అంటే దగ్గరి దెబ్బలకు వాడే క్లబ్బులు, ఒక మోస్తరుగా కుదిరాయి. గొడవంతా డ్రైవర్‌తోనే, అంటే మొదటి దూరపు దెబ్బకి వాడే పొడవాటి క్లబ్‌తో.

మా బావగారు అమెరికా నుంచి వస్తూ ఒక పాత డ్రైవర్ తెచ్చిపెట్టారు. కాలవే వారి ఈఆర్‌సీ 2. తల, అంటే బంతికి తగిలే లావుపాటి చివర, మీద ‘ఫోర్జ్డ్ టైటానియం’ అని ఉంది. లాఫ్ట్, అంటే బంతిని తాకే ముఖం వెనక్కి వాలిన కోణం, 10 డిగ్రీలు. షాఫ్ట్ (కర్ర) మాత్రం దాంతో వచ్చింది కాదట, ఇంతకుముందు వాడినాయన మార్పించాడట. దాని మీద ‘ఎస్’ అని ఉంది, స్టిఫ్ అంటే గట్టి రకం అన్నమాట. టేపు పెట్టి కొలిస్తే క్లబ్ పొడవు 46 అంగుళాలు వచ్చింది. పది బంతులు కొడితే ఆరు కుడివైపు పొదల్లోకి పోతున్నాయి. సరిగ్గా తగిలిన రోజు చప్పుడు మాత్రం ఎంత బాగుంటుందో, దాన్ని వదలబుద్ధి కావడం లేదు.

షాఫ్ట్ గట్టిది కావడం వల్లే ఇలా జరుగుతోందని ఒకాయన అన్నాడు. మార్చడానికి పన్నెండు వేలు చెప్పాడు. పెట్టమంటారా? ఫోర్జ్డ్ అంటే నిజంగానే బంతి దూరం పోతుందా? మా ఇల్లు సముద్రానికి దగ్గర. ఉప్పు గాలికి ఇది పాడవుతుందేమోనని ఇంకో టెన్షన్.

జవాబు, ఉక్కునగరం నుంచి

గోల్ఫ్ నాకు అంతగా రాదు కానీ లోహాల సంగతి చెప్పగలను. నా ఉద్యోగమంతా వాటితోనే గడిచింది.

టైటానియం దాదాపు 1,668 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కరిగాక గాలి తగిలితే చాలు, ఆక్సిజన్‌ను పీల్చుకుని పెళుసెక్కుతుంది. అందుకే పోత పోయాలంటే గాలి తీసేసిన కొలిమి కావాలి. పోత ముక్కలో కంటికి కనపడని బుడగలు మిగిలే వీలుంది. ఫోర్జింగ్ అంటే కాల్చి, అదిమి, సాగదీయడం. మన కమ్మరి కొలిమిలో గునపం సాగగొట్టినట్టే అనుకోండి, కాకపోతే వేల టన్నుల ప్రెస్సులు. అలా అదిమిన లోహంలో రేణువులు దగ్గరపడతాయి, బుడగలు ఉండవు. కాబట్టి ఫేస్‌ను (బంతిని తాకే ముఖాన్ని) పల్చగా చేసినా పగలకుండా నిలుస్తుంది. పల్చటి ఫేస్ బంతి తగిలినప్పుడు కాస్త లోపలికి వంగి తిరిగి తంతుంది. ఫోర్జింగ్ వల్ల మీకొచ్చే లాభం అంతే. అది కూడా బంతి ఫేస్ నడుమ తగిలితేనే. చాలా డ్రైవర్లలో ఫోర్జ్ చేసింది ఫేస్ వరకే, మిగతా ఒళ్లు పోతదే అయ్యుంటుంది, రెండింటినీ వెల్డింగ్ చేసి అతుకుతారు.

ఉప్పు గాలి గురించి బెంగ వద్దు. టైటానియం మీద సన్నటి ఆక్సైడ్ పొర దానంతట అదే ఏర్పడుతుంది. సముద్రపు నీళ్లతో చల్లబరిచే పవర్ ప్లాంట్ల కండెన్సర్లలో గొట్టాలకు దీన్నే వాడతారు. మీ క్లబ్ తలకి తుప్పు పట్టదు. ఈ కాలపు డ్రైవర్లలో ఉండే ఉక్కు స్క్రూలకు మాత్రం పడుతుంది, మీదాంట్లో అవి ఉండవు.

ఒక పని చేయండి. చిన్న అయస్కాంతం తలకి ఆనించి చూడండి. అంటుకుంటే అది టైటానియం కాదు. ఆ పేరుతో నకిలీలు బోలెడు తిరుగుతున్నాయి. రెండోది, పాతది కాబట్టి ఫేస్‌లో సన్నటి పగులు ఉందేమో చూసుకోవాలి. మా దగ్గర వెల్డింగ్ జాయింట్లకు ఎర్రరంగు ద్రవం పూసి, కాసేపాగి తుడిచి, తెల్ల పౌడర్ స్ప్రే చేస్తాం. పగులుంటే ఎర్రగీత పైకి తేలుతుంది. ఆటోనగర్‌లో ఎన్‌డీటీ (లోహాన్ని పాడుచేయకుండా చేసే పరీక్ష) చేసేవాళ్లని అడిగితే పెద్ద పనేం కాదు.

జవాబు, ఎండాడ నుంచి

షాఫ్ట్ సంగతి తర్వాత. ముందు ఒక మాట చెప్పాలి, లేకపోతే రేపు క్లబ్ పోటీలో ఇబ్బంది పడతారు. ఈఆర్‌సీ 2 రూల్స్‌కి ఒప్పని డ్రైవర్. అమెరికాలో గోల్ఫ్ రూల్స్ చూసే సంఘం యూఎస్‌జీఏ అది వచ్చిన 2000లోనే కాదంది. ఫేస్ బంతిని తిరిగి తన్నే తీరుకి వాళ్లు పెట్టిన హద్దు 0.83, ఇది దాన్ని దాటింది. అయినా సరదాగా ఆడుకునేవాళ్ల కోసం అంటూ కంపెనీ అమ్మింది. ఆర్నాల్డ్ పామర్ అంతటి పేరుమోసిన ఆటగాడు దాన్ని సమర్థించాడని అక్కడ పెద్ద రభసే అయింది. ఈఆర్‌సీ అనేవి ఆ కంపెనీ పెట్టిన ఈలీ రీవ్స్ కాలవే పేరులోని పొడి అక్షరాలు.

మన దేశంలో ఆట నడిచేది ఆర్ అండ్ ఏ (అమెరికా బయట రూల్స్ చూసే సంస్థ) పద్ధతిలో. వాళ్లకి అప్పట్లో ఈ హద్దు లేదు. 2008 జనవరి 1 నుంచి అన్ని స్థాయిల వాళ్లకీ వచ్చింది. కాబట్టి ఆదివారం స్నేహితులతో ఆడుకోండి, ఎవరూ ఏమీ అనరు. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) కోసం స్కోరు ఇచ్చే రౌండ్‌కి, పోటీలకి మాత్రం సంచిలోంచి తీసెయ్యండి. దీనికి పన్నెండు వేల షాఫ్టా అని నా అనుమానం.

అడిగినవారు

అయ్యో, ఈ సంగతి బావగారికి కూడా తెలియదు. వచ్చే నెల మా బ్యాచ్ పోటీ ఉంది, అందులో ఇదే వాడదామనుకున్నాను. బతికించారు. అయస్కాంతం అంటుకోలేదు, అసలుదే అయ్యుంటుంది.

జవాబు, ఆరిలోవ నుంచి (పాత కేడీని)

సార్, ముప్పై ఏళ్లు ఆటగాళ్ల క్లబ్బుల సంచులు మోశాను. నాకు ఈ లోహాలూ అంకెలూ తెలియవు. షాఫ్ట్ మీద డబ్బులు పెట్టే ముందు పది రూపాయల పని ఒకటి చేయండి. కాళ్లకి చల్లుకునే పౌడర్ స్ప్రే ఉంటుంది చూడండి, అది ఫేస్ మీద పల్చగా కొట్టండి. అది లేకపోతే వైట్‌బోర్డు మార్కర్‌తో బంతి మీద మచ్చ పెట్టి, ఆ మచ్చ ఫేస్ వైపు ఉండేలా టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మీద పెట్టండి. పది బంతులు కొట్టి ఎక్కడ తగిలాయో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.

ఇంకోటి. మీరు ఆడే వేళకి గాలి పెద్దగా ఉండదు. కాస్త పొద్దెక్కాక సముద్రం గాలి ఎదురుగా లేస్తే, కుడికి తిరిగే బంతి ఇంకా పైకి లేచి అక్కడే కూలబడుతుంది. అది చూసి క్లబ్‌ని తిట్టుకోకండి.

అడిగినవారు, నాలుగు రోజుల తర్వాత

చేశాను మాస్టారూ. పదిలో ఏడు మచ్చలు మడమ వైపే, అంటే షాఫ్ట్ దగ్గరగా ఉన్న సగంలో. రెండు నడుమ, ఒకటి మరీ కింద. నడుమ తగిలిన రెండూ దాదాపు తిన్నగానే పోయాయి. స్నేహితుడి లాంచ్ మానిటర్ (వేగాలు కొలిచే యంత్రం) పెట్టి చూస్తే స్వింగ్ వేగం గంటకి 84 మైళ్లు, బంతి వేగం 116.

జవాబు, గోపాలపట్నం నుంచి (క్లబ్బులు సొంతంగా బాగుచేసుకునేవాణ్ణి)

మీ సమస్య సగం అక్కడే తేలిపోయింది. 116ని 84తో భాగిస్తే 1.38. చక్కగా తగిలితే ఆ లెక్క 1.48 దాకా రావాలి. ఆ తేడా షాఫ్ట్ మింగింది కాదు, మడమ దెబ్బ మింగింది. ఇంకో చిక్కు కూడా ఉంది. మడమ వైపు తగిలినప్పుడు తల ఒకవైపు తిరుగుతుంది, దానికి ఆనుకున్న బంతి పళ్ల చక్రంలా ఎదురువైపు తిరుగుతుంది. కుడికి పోయే బంతి ఇంకా కుడికి పోతుంది. మీ ఫేస్ ఎలాగూ కొంచెం తెరుచుకునే, అంటే కుడికి తిరిగే, ఉంటుంది, దానికి ఇది తోడు.

మడమకి ఎందుకు తగులుతోందంటే, నా మటుకు 46 అంగుళాల మీద అనుమానం. పెద్ద పోటీల్లో నిర్వాహకులు పెట్టుకోగల హద్దే 46 అంగుళాలు, 2022 నుంచి. అంత పొడవు రోజూ సాధన చేసేవాళ్లకే కష్టం. వారానికి రెండు రోజులు ఆడే మనకెందుకండీ? అందుకని రేపే చేయగలిగింది, పైసా ఖర్చు లేనిది: గ్రిప్ మీద చేతులు ఒక అంగుళం కిందికి దించి పట్టుకుని కొట్టండి. రెండు వారాలు అలాగే ఆడండి. కోత గీత జోలికి వెళ్లకండి.

అది పనిచేస్తే అప్పుడు పైచివర ఒక అంగుళం కోయించుకోవచ్చు. అయితే అరంగుళం కోస్తే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు తల బరువు చేతికి ఎంత తెలుస్తుందో చెప్పే కొలత) మూడు పాయింట్లు తగ్గుతుంది. అంగుళం కోస్తే ఆ కొలతలో డీ3 ఉన్నది సీ7కి దిగి, తల ఉన్నట్టే తెలియదు. తల మీద సీసం టేపు అంటించాలి, పాయింటుకి దాదాపు రెండు గ్రాములు. కొందరు గ్రిప్ తేలికది వేయించుకుని సరిపెడతారు. కింది చివర, అంటే తలలో దూరే వైపు, ఎవరినీ కోయనివ్వకండి. అటు కోస్తే షాఫ్ట్ ఇంకా గట్టిపడుతుంది.

ఇక ‘ఎస్’ అనే అక్షరం. దీనికి అన్ని కంపెనీలకీ కలిపి ఒక కొలత లేదు. ఒకడి ‘ఆర్’ (రెగ్యులర్, అంటే కాస్త మెత్తనిది) ఇంకొకడి ‘ఎస్’ అంత బిగువుగా ఉంటుంది. బరువు గ్రాముల్లో ఎంత, టార్క్ (షాఫ్ట్ మెలితిరిగే గుణం) ఎన్ని డిగ్రీలు అన్నవి చూడండి, వీలైతే ఫ్రీక్వెన్సీ మిషన్ మీద నిమిషానికి ఎన్ని ఊపులో కొలిపించండి. 84 మైళ్ల చేతికి 50 గ్రాముల ‘ఆర్’ హాయిగా ఉంటుంది, నిజమే. బంతి కొంచెం పైకి లేస్తుంది, పద్దెనిమిదో హోల్‌కి భుజం నొప్పి తగ్గుతుంది. స్లైస్‌కి, అంటే బంతి కుడికి వంకర తిరిగి పోవడానికి, మందు మాత్రం అది కాదు. మీ వేగానికి 10 డిగ్రీల లాఫ్ట్ తక్కువేనని కూడా అనిపిస్తోంది. 12 డిగ్రీలది ఎవరిదగ్గరైనా ఉంటే అడిగి కొట్టి చూడండి.

ఎప్పటికైనా మార్పించేటట్టయితే నా అనుభవం వినండి. నాలుగేళ్ల కిందట ఒక షాపులో డ్రైవర్ షాఫ్ట్ మార్పించాను. వాడు ఐదు నిమిషాల్లో గట్టిపడే మామూలు జిగురు పెట్టి సాయంత్రానికల్లా చేతికిచ్చేశాడు. బేగి అయిపోయిందని నేనూ సంబరపడ్డాను. మే నెల, కారు డిక్కీలో మూడు రోజులు ఉంచాను. ప్రాక్టీస్ రేంజ్‌లో నాలుగో బంతికి తల ఊడి ఎగిరింది, షాఫ్ట్ చేతిలో మిగిలింది. బంతి కంటే తలే దూరం పోయిందని ఇప్పటికీ మావాళ్లు నవ్వుతారు. ముందర ఎవరూ లేరు కాబట్టి నవ్వులతో పోయింది. గోల్ఫ్ క్లబ్బుల కోసమే చేసిన ఎపాక్సీ వాడాలి, షాఫ్ట్ చివర పెయింటు గీకి గరుకు చేయాలి, ఒక రాత్రంతా కదపకుండా ఉంచాలి. మన ఊరి తేమలో నేను రెండు రోజులు ఉంచుతాను. అతికించాక కూడా డిక్కీలో ఎండకి వదలొద్దు, వేడికి ఎపాక్సీ మెత్తబడుతుంది.

పాత షాఫ్ట్ తీసేటప్పుడు మెలితిప్పి లాగితే గ్రాఫైట్ పోగులు విడిపోతాయి. హాజెల్‌కి (తలలో షాఫ్ట్ దూరే గొట్టానికి) వేడి పెట్టి, పుల్లర్‌తో తిన్నగా లాగాలి. టైటానియం వేడిని తొందరగా పంచుకోదు, ఒకేచోట మంట పెడితే అక్కడ రంగు ఉబ్బిపోతుంది. ఇంకా, తల అడుగు తిప్పి చూడండి. కొన్ని పాత మోడళ్లలో షాఫ్ట్ తలని దాటి అడుగు దాకా వస్తుంది, దాన్ని బోర్ త్రూ అంటారు. మీది అలాంటిదైతే అలాంటి పని ఇంతకుముందు చేసిన అనుభవం ఉన్నవాడికే ఇవ్వండి, కొత్తవాడికి వద్దు.

జవాబు, ఎండాడ నుంచి

పన్నెండు వేలు పెట్టే బదులు రూల్స్‌కి ఒప్పే సెకండ్ హ్యాండ్ 460 సీసీ (తల పరిమాణం) డ్రైవర్ కొనుక్కోమని నా సలహా. తల పెద్దది కాబట్టి మడమకి తగిలినా ఇంతలా శిక్షించదు. షాఫ్ట్ కూడా స్క్రూ విప్పి మార్చుకోవచ్చు. ఒక కంపెనీ స్లీవ్ (షాఫ్ట్ చివర ఉండే తొడుగు) ఇంకో కంపెనీ తలకి పట్టదు, అది మాత్రం చూసుకోండి.

అడిగినవారు, మూడు వారాల తర్వాత

ఆలస్యమైంది, మన్నించాలి. మధ్యలో మా అమ్మాయి పెళ్లిచూపులు.

చేతులు అంగుళం దించి పట్టుకున్నాను. మొదటి రోజు చేతకాక బంతి పైభాగాన్ని గీకాను. నాలుగో రోజుకి అలవాటైంది. మొన్న మళ్లీ పౌడర్ కొట్టి చూస్తే పదిలో ఆరు నడుమే. స్వింగ్ వేగం 82కి తగ్గింది, బంతి వేగం 118కి పెరిగింది. తగ్గించి కొడితే పెరగడం ఏమిటో మా ఆవిడకి చెప్తే నమ్మలేదు. ఇంకా ఒకటీ అరా కుడికే పోతున్నాయి, అది నా చేతి తప్పేనని ఒప్పుకుంటున్నాను.

ఎరుపు రంగు పరీక్ష కూడా చేయించాను, పగులేమీ లేదు. షాఫ్ట్ మార్చడం మానేశాను. పోటీకి స్నేహితుడి దగ్గర 12 డిగ్రీల పాత 460 సీసీది అరువు తెచ్చుకున్నాను. అది తిన్నగానే పోతోంది కానీ చప్పుడు రేకు డబ్బా కొట్టినట్టుంది. ఈఆర్‌సీ ఆదివారాలకి ఉంచుకున్నాను.

జవాబు, ఆరిలోవ నుంచి

అరువు తెచ్చినదానికి గ్రిప్ చూసుకున్నారా సార్? పాత గ్రిప్ మన చెమటకి జారుతుంది. గిన్నెలు తోమే సబ్బుతో బ్రష్ పెట్టి రుద్ది, నీడలో ఆరబెట్టండి. జారే గ్రిప్‌ని గట్టిగా పిసికి పట్టుకుంటే మళ్లీ ఫేస్ మూసుకోదు, మళ్లీ కుడికే.

అడిగినవారు

నిజమే, గాజు పలకలా నున్నగా ఉంది. ఈ సాయంత్రమే తోముతాను.