పాత 407: ట్యాంకు సగానికి దిగితే ఘాట్‌లో ఆగిపోతోంది. సక్షన్ పైపు సొంతంగా మార్చుకున్నవాళ్లు చెప్పండి

ఏపీ03_పాతబండి (చంద్రగిరి)
అందరికీ నమస్కారం. బండి పాత టాటా 407, 497 ఇంజను, మైకో పంపు (నాజిల్స్‌కు ప్రెషర్‌తో డీజిల్ కొట్టే పెద్ద పంపు). ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు ఏ గొడవా లేదు. ముల్లు సగం కిందికి దిగిందంటే మాత్రం రంగంపేట దాటి భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు లాగుడు తగ్గుతుంది, జెర్కులిచ్చి ఆగిపోతుంది. హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టి డీజిల్ ఎక్కించేది) కొడితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. డీజిల్ ఫిల్టర్లు కొత్తవే. కింద ఎక్కడా చుక్క కారడం లేదు. చూపిస్తే పంపు దించి కాలిబ్రేషన్ చేయాలంటున్నారు. ఆ ఖర్చు వింటేనే టెన్షన్. పంపు ముట్టుకునే ముందు ట్యాంకు వైపు ఏమేం చూడాలి?

మొగిలిఘాట్
పంపు దించొద్దన్నా, ఆగు. పంపు పోయుంటే నిండు ట్యాంకులో కూడా అదే రోగం చూపించాలి కదా. బంగారుపాళెం నుంచి పలమనేరు ఎక్కేటప్పుడు మా బండీ ఇట్లాగే చేసేది. ముందు క్యాను టెస్ట్ చెయ్యి. ఐదు లీటర్ల క్యానులో శుభ్రమైన డీజిల్ పోసి, ఫీడ్ పంపుకు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి, దాని బదులు క్యాను నుంచి పైపు ఇవ్వు. రిటర్న్ పైపు ట్యాంకుకే ఉండనీ. క్యాను ఒరగకుండా, సైలెన్సర్‌కు దూరంగా గట్టిగా కట్టి లోడుతో చిన్న ఎత్తు ఎక్కించు. బాగా లాగిందంటే రోగం ఫీడ్ పంపుకు వెనకాలే ఉంది. అప్పుడు పంపు గురించి మాట్లాడేవాళ్లకు దండం పెట్టి వచ్చెయ్.

రేణిగుంట_వర్క్‌షాప్
పైన చెప్పిన టెస్ట్ సరైనదే. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న లైను సక్షన్ లైను. అక్కడ చిల్లు పడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే కింద తడి కనబడదు, చాలామంది మోసపోయేది అక్కడే.

ఇక సగం దగ్గరే ఎందుకు ఆగుతోందంటే, ట్యాంకు లోపల నిలువుగా దిగే పైపుకు మధ్యలో ఎక్కడో సన్నని చిల్లో చీలికో ఉండొచ్చు. డీజిల్ దానికి పైన ఉన్నంతవరకు ఆ చిల్లు కూడా డీజిలే పీలుస్తుంది. మట్టం దానికంటే దిగగానే గాలి పీలుస్తుంది. బండి ఏ మట్టం దగ్గర మొరాయిస్తోందో చూసుకుంటే చిల్లు ఎంత ఎత్తులో ఉందో బయట నిలబడే చెప్పొచ్చు. ఘాట్ ఎక్కేటప్పుడు ట్యాంకులో డీజిల్ వెనక్కి జరుగుతుంది, పైపు ముందువైపు ఉన్న ట్యాంకుల్లో ఇంకా తొందరగా బయటపడుతుంది.

ఇంకో పరీక్ష: ఫీడ్ పంపుకు ముందు ఒక మూర పారదర్శక పైపు వేసి ఇంజను రేజ్ చెయ్యి. బుడగలు వరసగా పోతుంటే గాలి పట్టినట్టే. ఆ పైపు పరీక్షకు మాత్రమే. డీజిల్‌కు అది గట్టిపడి పగులుతుంది, అట్లాగే వదిలేయొద్దు.

తోతాపురి_లోడు
మా అనుభవం వేరే. దామలచెరువు నుంచి మామిడి లోడు వేసుకుని గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంటే ట్యాంకు నిండుగా ఉన్నా ఆగేది. కాసేపు ఆపితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయ్యేది. పంచరు షాపులో సక్షన్ పైపులోంచి వెనక్కి గాలి కొట్టించాం, కొన్నాళ్లు బాగుంది, మళ్లీ మొదలు. ట్యాంకు విప్పితే ఒక ప్లాస్టిక్ సీలు ముక్క దొరికింది. ఇంజను నడుస్తుంటే సక్షన్ పైపు చివర ఉండే జాలీకి అతుక్కుంటుంది, ఆగితే కిందికి రాలిపోతుంది. మట్టంతో సంబంధం లేకుండా ఆగుతుంటే చెత్త, మట్టాన్ని బట్టి ఆగుతుంటే చిల్లు. మా లెక్క ఇది.

గాలి కొట్టేవాళ్లు ఫీడ్ పంపు దగ్గర పైపు ఊడదీసి, ట్యాంకు మూత తెరిచి కొట్టండి.

మూత అన్నాక గుర్తొచ్చింది. మూతలో గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయినా ఇదే వేషం. బండి ఆగగానే మూత తిప్పి చూడు, బుస్సుమని లోపలికి గాలి పీల్చిందంటే పైపు జోలికి పోనక్కర్లేదు, మూత కడిగితే చాలు.

పీలేరు_టమోటా
నేను ఏసీ రిపేరు షాపులో రాగి పైపు తెచ్చి వేసుకున్నా. చేత్తోనే వంగుతుంది, తుప్పు పట్టదు. జాలీ తీసేశా, పీడా పోయింది.

రేణిగుంట_వర్క్‌షాప్
అన్నా, రెండింటికీ నేను ఒప్పుకోను. రాగి తగిలితే డీజిల్ తొందరగా పాడై జిగురు కడుతుంది. నువ్వు రోజూ టమోటా తోలుతావు, డీజిల్ నిలవ ఉండదు కాబట్టి నీకు తెలియదు. మామిడి సీజను అయ్యాక నెలల తరబడి షెడ్డులో ఉండే బండికి ఆ తేడా కనబడుతుంది. జింకు పూసిన పైపూ వద్దు. స్టీలు పైపు తీసుకోండి, లోపలి బోరు పాతదానికి తగ్గకుండా. జాలీ తీసేస్తే ఆ చెత్త ఫీడ్ పంపు వాల్వుల్లోకి పోతుంది. తీసి తీరాలంటే ఫీడ్ పంపుకు ముందు నీళ్లు వేరుచేసే గిన్నె ఉన్న ఫిల్టరు పెట్టి అప్పుడు తియ్యండి.

సొంతంగా చేసేవాళ్లకు నేను చెప్పే పద్ధతి. బ్యాటరీ వైరు తీసి, డీజిల్ దించి, ట్యాంకు పైన మట్టి కడిగాకే పైపు ఉన్న ప్లేటు స్క్రూలు విప్పాలి. లేకపోతే ఆ మట్టంతా లోపలే పడుతుంది. కొన్ని బండ్లలో సక్షన్, రిటర్న్, గేజీ ఫ్లోటు ఒకే ప్లేటుకు ఉంటాయి, ఏది ఏ వైపుందో గుర్తు గీసుకోండి. పాత పైపు పొడవు, ట్యాంకు లోతు రెండూ కొలవండి. కొత్త పైపు అడుగు నుంచి ఒక సెంటీమీటరు, ఇంకాస్త ఎత్తులో ఆగాలి. మరీ ఆనించితే నీళ్లూ బురదా పీలుస్తుంది. చివర ఏటవాలుగా కోయండి, అడుగుకు తగిలినా నోరు మూసుకుపోదు. ప్లేటుకు అంటించేది ఇత్తడి బ్రేజింగుతో, అదీ ట్యాంకుకు దూరంగా. బిగించే ముందు ఒక చివర మూసి, రెండో చివర సైకిలు పంపుతో గాలి కొడుతూ బకెట్ నీళ్లలో ముంచండి. బుడగ రాలేదంటే ఆరబెట్టి వేసుకోవచ్చు.

కాణిపాకం_డీసీఎం
మా ట్యాంకు అడుగున కూడా తుప్పు చిల్లు ఉంది. డీజిల్ దించేసి కడిగి వెల్డింగ్ పెట్టించొచ్చా? డీజిల్ పెట్రోలు లాగా అంటుకోదంటారు కదా.

రేణిగుంట_వర్క్‌షాప్
పెట్టించొద్దు. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, లోపలంతా ఆవిరి. మన డీజిల్‌కు ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడి) కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలని ప్రమాణం. మే నెలలో మన దగ్గర ఎండే 40 దాటుతుంది. దానికి వెల్డింగ్ సెగ తోడైతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. సబ్బు నీళ్లతో కడిగినా అతుకుల్లో డీజిల్ మిగిలే ఉంటుంది. సన్న చిల్లయితే ఇనుప ట్యాంకులకు వాడే ఎపాక్సీ, పెద్దదయితే వేరే ట్యాంకు.

మొగిలిఘాట్
వాషర్ల దగ్గర పిసినారితనం చేయొద్దు. బంజో బోల్టుకు (పైపును బిగించే బోలు బోల్టు) పాత వాషరే మళ్లీ వేస్తే అక్కడే గాలి పడుతుంది. ప్లేటు కింద మామూలు సిలికాన్ పూయొద్దు, డీజిల్‌కు ఉబ్బి ఊడొస్తుంది, ముక్కలు పోయి జాలీకే పడతాయి. కార్కు గ్యాస్కెట్ చాలు. తర్వాత ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి చిక్కటి డీజిల్ వచ్చేదాకా ప్రైమర్ కొట్టి బిగించు. స్టార్ట్ అవకపోతే నాజిల్ నట్లు కాస్త వదులు చేసి సెల్ఫ్ కొట్టు, కానీ చెయ్యి దగ్గర పెట్టొద్దు. ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంలోకి దూరుతుంది.

ఏపీ03_పాతబండి (చంద్రగిరి)
క్యానుతో ఘాట్ మొదటి ఎత్తు ఎక్కించాను, గుర్రంలా పోయింది. ట్యాంకు విప్పితే పైపును పట్టుకునే క్లిప్పు దగ్గర రాపిడికి సన్న చిల్లు, సరిగ్గా సగానికి కాస్త పైన. రేణిగుంట అన్న బయటినుంచే చెప్పాడు! స్టీలు పైపు వేశాం, క్లిప్పు కింద రబ్బరు పెట్టాం. డీజిల్ బాగా అడుగుకు దిగేదాకా తోలాను, ఎక్కడా ఆగలేదు.

ఒకటే మిగిలింది. గేజీ ముల్లు కదలడం లేదు. ఫ్లోటు వంగిందా?

తోతాపురి_లోడు
ఫ్లోటు తర్వాత చూద్దాం. ప్లేటుకు పెయింట్ కొట్టారా? ఆ గేజీకి ఎర్త్ ప్లేటు నుంచే వస్తుంది. కార్కు పైన, పెయింట్ కింద అది తెగిపోయి ఉంటుంది. ఒక స్క్రూ తల కింద గీకి చూడు.

ఏపీ03_పాతబండి (చంద్రగిరి)
గీకాను. ముల్లు లేచింది.