స్వరాలన్నీ మారినా అదే కీర్తన, ఏ స్వరమూ మారకున్నా వేరే రాగం: ఎందుకు?

ప్రశ్న (వయొలిన్ విద్యార్థిని, విజయనగరం)

ఒకటి శ్రుతిలో నేర్చుకున్న కీర్తనను మొన్న మా గురువుగారు అంతకంటె ఎత్తైన నాలుగు శ్రుతిలో పాడగా, చెవిన పడిన ప్రతి నాదమూ మునుపటికంటె హెచ్చుదే అయినా, పల్లవి ఎత్తుగడలోనే గుర్తుపట్టాను. తరువాత ఆయన నా చేత మోహన రాగంలో నాలుగు సంచారాలు (చిన్న స్వర వరుసలు) వాయింపజేసి, తంబూరా షడ్జమాన్ని (ఆధారమైన ‘స’ను) మాత్రం నా రిషభానికి (‘రి’కి) మార్చి, అవే మళ్లీ వాయించమన్నారు. వేళ్ల చోట్లు మారలేదు, కాని వినిపించింది కచేరీ చివర పాడే మధ్యమావతి రాగం! అన్నీ మారినప్పుడు ఏమీ మారనట్టు, ఏదీ మారనప్పుడు అంతా మారినట్టు మనసుకు ఎందుకు తోస్తుందో పెద్దలు వివరించగలరా?

జవాబు 1 (విశ్రాంత సంగీతోపాధ్యాయుడు, విజయనగరం)

అమ్మా, రెండింటికీ కారణం ఒక్కటే. మనసు నాదాలను విడివిడిగా దాచుకోదు. షడ్జమం నుంచి ఒక్కొక్కటి ఎంత దూరాన ఉన్నదో, ఒకదాని నుంచి మరొకటి ఎంత ఎగసిందో దాచుకుంటుంది. శ్రుతి హెచ్చించినప్పుడు ఆ దూరాలన్నీ చెక్కుచెదరవు. స్వరాలన్నీ మారినా పాట మారకపోవడాన్ని 1890లో ఆస్ట్రియా తత్త్వవేత్త ఏరెన్‌ఫెల్స్ ఎత్తి చూపి, పాట అంటే స్వరాల మొత్తం కాదని వాదించాడు. షడ్జమాన్ని కదిపితే మాత్రం కొలత మొదలయ్యే చోటే కదులుతుంది. మన వాళ్లు గ్రహభేదమనేది దీనినే: మోహన గాంధారాన్ని (‘గ’ను) షడ్జమం చేస్తే హిందోళం, పంచమాన్ని (‘ప’ను) చేస్తే శుద్ధసావేరి అనే రాగాలు వస్తాయి. తంబూరా లేని సాధన వద్దని మేము విసిగించేది ఊరికే కాదు.

జవాబు 2 (శ్రోత, శ్రీకాకుళం)

మాస్టారి మాటకు చిన్న చేర్పు. నాకు సంగీతం రాదు, షడ్జమం ఎక్కడుందో చెప్పలేను. అయినా ఊరేగింపులో సన్నాయి ఎన్ని గమకాలు పెట్టినా పాట పోల్చుకుంటాను. నా వంటివాళ్లు ముందుగా పట్టుకునేది వరస ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది అన్న ఆకారాన్నే అనుకుంటాను. 1972లో డయానా డాయిచ్ అనే పరిశోధకురాలు అందరికీ తెలిసిన ఒక పాటలోని స్వరాలను వాటి వరుసలోనే ఉంచి, ఒక్కొక్కదాన్ని మూడు స్థాయులలో (కింది, నడిమి, పై సప్తకాలలో) ఏదో ఒకదానిలో పడేలా చెదరగొట్టి వినిపిస్తే శ్రోతలు గుర్తుపట్టలేకపోయారు. పాట పేరు ముందే తెలిసినవాళ్లు మాత్రం దాన్ని అనుసరించగలిగారు. అంటే ఆకారం చెదిరిన చోట, ముందే ఎరిగినదానితో సరిచూసుకుంటూ వింటామన్నమాట.

జవాబు 3 (వీణ వాయించే గృహిణి, బొబ్బిలి)

ముక్కలుగా విరుచుకోవడం గురించి ఎవరూ అనలేదు. వాయిస్తుండగా ఎవరైనా పలకరించి ఆపితే, ఆగిన స్వరం దగ్గర మళ్లీ అందుకోలేను. వాయిస్తున్న ఆ సంగతి (పాట వరుసలోని ఆ ముక్క) ఎత్తుగడకు వెనక్కి పోవలసిందే. విరామం వచ్చిన చోట, దీర్ఘంగా నిలిచిన స్వరం దగ్గర మనసు ఒక ముక్కను ముగించి కట్ట కడుతుంది, కట్టను మధ్యలో విప్పలేదు. తంబూరా ఆపేసి, ప్రతి సంచారాన్నీ రిషభం మీదే నిలిపి వాయించి చూడండి.

విద్యార్థిని

అలాగే చేశానండి. తంబూరా లేకున్నా, నిలిచిన చోటునే చెవి షడ్జమంగా తీసుకుంది. రాగాల పేర్లు తెలియని మా అమ్మ వంటింట్లోంచి, “ఇందాకటిది బాగుంది, ఇదేమిటి, కచేరీ ముగించేస్తున్నట్టు వాయిస్తున్నావు?” అని అడిగింది.