పన్నెండు మంది జాబితాలో డెనిస్ కాంప్టన్ పేరు ఎందుకు లేదు?

మూడోస్టంప్:
క్విజ్ కోసం ఒక ప్రశ్న తయారు చేస్తున్నాను. ఇంగ్లండ్ తరఫున ఫుట్‌బాల్, టెస్ట్ క్రికెట్ రెండూ ఆడినవాళ్లు పన్నెండు మందేనని, చివరివాడు ఆర్థర్ మిల్టన్ అని చదివాను. మరి కాంప్టన్? ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్ వింగర్, 78 టెస్టులు, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చొక్కా 12 సార్లు వేసుకున్నాడంటారు. ఫుట్‌బాల్‌లో ఒక్క మ్యాచ్ ఆడిన మిల్టన్ జాబితాలో ఉండి ఈయన లేకపోవడమేంటి? ఇంకోటి, చలికాలం ఫుట్‌బాల్, వేసవిలో క్రికెట్ అంటారు కదా, అది నిజంగా అంత సాఫీగా కుదిరేదా?

పాతస్కోర్‌బుక్:
ఆ 12 మ్యాచ్‌లు రెండో ప్రపంచయుద్ధ కాలంలోవీ, యుద్ధం ముగిశాక జరిగిన విక్టరీ మ్యాచ్‌లూ. అధికారిక లెక్కలో వాటికి క్యాప్ (దేశానికి ఆడినట్టు గుర్తింపు) లేదు. జనం చూశారు, ఇంగ్లండ్ పేరుతోనే ఆడారు, అయినా లెక్కలోకి రావు. కాంప్టన్ పేరు రానిది అందుకే.

తమాషా ఏమిటంటే ఆయన అన్న లెస్లీకి అసలు క్యాప్‌లు రెండున్నాయి. 1950 నవంబరులో వేల్స్ మీద మొదటిది ఆడేనాటికి ఆయనకు 38 ఏళ్లు. లెస్లీ మిడిల్‌సెక్స్ కౌంటీ క్రికెట్ జట్టు వికెట్‌కీపర్ కూడా, కానీ టెస్ట్ ఆడలేదు. అంటే అన్నకు ఫుట్‌బాల్ క్యాప్, తమ్ముడికి టెస్టులు. ఇద్దరిలో ఎవరూ జాబితాలో లేరు! 1950 ఎఫ్ఏ కప్ ఫైనల్లో లివర్‌పూల్‌ని 2–0తో ఓడించిన ఆర్సెనల్ జట్టులో మాత్రం ఇద్దరూ ఉన్నారు.

మనవాళ్లకు పనికొచ్చే ముక్క ఒకటి: యుద్ధకాలంలో కాంప్టన్ ఇండియాలో ఉన్నప్పుడు సి.కె. నాయుడు కెప్టెన్సీలో హోల్కర్ జట్టుకి రంజీ ట్రోఫీ ఆడాడు. 1944–45 ఫైనల్లో బొంబాయి మీద 249 నాటౌట్ కొట్టినా హోల్కర్ 374 పరుగుల తేడాతో ఓడింది.

రైట్‌వింగ్:
మిల్టన్ సంగతి. క్యాప్ ఒక్కటే, 1951 నవంబరులో వెంబ్లీలో ఆస్ట్రియా మీద, 2–2 డ్రా. అప్పటికి ఆర్సెనల్ మొదటి జట్టులో కుదురుకుని ఎన్నాళ్లో కాలేదు. టెస్ట్ పిలుపు రావడానికి ఇంకో ఆరేళ్లకు పైనే పట్టింది: 1958 హెడింగ్లీ, న్యూజిలాండ్ మీద ఓపెనింగ్, 104 నాటౌట్. ఆ మ్యాచ్‌లో రెండో ఓపెనర్ ఎం.జె.కె. స్మిత్ ఇంగ్లండ్‌కి రగ్బీ ఆడినవాడు. ఓపెనర్లిద్దరూ రెండేసి ఆటల్లో దేశానికి ఆడినవాళ్లే అన్నమాట. క్విజ్‌కి ఇదే మంచి ప్రశ్న, నన్నడిగితే.

సాఫీగా కుదిరేదా అంటే, కౌంటీ స్థాయిలో చాలావరకు కుదిరేది, టెస్ట్ స్థాయిలో లేదు. ఫుట్‌బాల్ లీగ్ ఆగస్టు చివర మొదలై మే మొదట్లో అయిపోయేది. క్రికెట్ మేలో మొదలై సెప్టెంబరు మొదటి వారాల దాకా. రెండు కొసల్లో కొన్ని వారాలు ఒకదాని మీద ఒకటి పడేవి, క్లబ్బూ కౌంటీ మాట్లాడుకుని సర్దుకునేవి. అసలు చిక్కు విదేశీ టూర్లతో. కాంప్టన్ 1946–47లో ఆస్ట్రేలియాకీ, 1948–49లో దక్షిణాఫ్రికాకీ వెళ్లాడు. ఆ చలికాలాలు ఫుట్‌బాల్‌కి పోయినట్టే. దానికి యుద్ధం, మోకాలి గాయం తోడయ్యాయి. ఆర్సెనల్‌కి ఆయన ఆడిన లీగ్ మ్యాచ్‌లు 54 మాత్రమే. మిల్టన్ 1955లో బ్రిస్టల్ సిటీతో థర్డ్ డివిజన్ సౌత్ గెలిచి ఫుట్‌బాల్ మానేశాడు, టెస్టులన్నీ ఆ తర్వాతే. ఒకే ఏడాది రెండిటిలోనూ ఇంగ్లండ్ ఆటగాడిగా ఎప్పుడూ లేడు.

మూడోస్టంప్:
అర్థమైంది, థాంక్స్. మరి ఒకే రోజు రెండూ ఆడిన వ్యక్తి ఎవరో ఉన్నాడన్నారు?

పాతస్కోర్‌బుక్:
క్రిస్ బాల్డర్‌స్టోన్. 1975 సెప్టెంబరు 15. చెస్టర్‌ఫీల్డ్‌లో డెర్బీషైర్ మీద లీస్టర్‌షైర్ తరఫున ఆట ముగిసేసరికి 51 నాటౌట్. అక్కడి నుంచి కారులో డాంకాస్టర్. ఆ సాయంత్రమే డాంకాస్టర్ రోవర్స్‌కి బ్రెంట్‌ఫర్డ్ మీద ఫోర్త్ డివిజన్ మ్యాచ్, 1–1. మర్నాడు వచ్చి సెంచరీ పూర్తి చేసి 116 దగ్గర ఔటయ్యాడు, మూడు వికెట్లూ తీశాడు. లీస్టర్‌షైర్‌కి మొదటి కౌంటీ ఛాంపియన్‌షిప్ ఆ మ్యాచ్‌తోనే వచ్చింది.

ఇది సాధ్యమైంది ఫ్లడ్‌లైట్ల వల్ల. పగటి మ్యాచ్‌ల కాలమైతే రెండిట్లో ఒకటి వదులుకోవాల్సిందే. 1976లో వెస్టిండీస్ మీద రెండు టెస్టులు ఆడాడు. ఓవల్లో రెండు ఇన్నింగ్స్‌లోనూ సున్నాకే వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ హోల్డింగ్ పడగొట్టాడు. ఫుట్‌బాల్ క్యాప్ లేదు కాబట్టి ఈయన్ని మీ జాబితాలో కలపొద్దు, చాలామంది ఇక్కడే పొరపడతారు.

రైట్‌వింగ్:
తర్వాత ఎందుకు ఆగిందంటే, ముందు డబ్బు. వారానికి 20 పౌండ్లకు మించి ఫుట్‌బాలర్‌కి ఇవ్వకూడదన్న పరిమితి 1961 జనవరిలో పోయింది. అంతకుముందు వేసవి క్రికెట్ జీతం చాలా అవసరం. తర్వాత పెద్ద ఆటగాళ్లకు ఆ అవసరం తీరింది, ఎక్కువ ఇచ్చే క్లబ్ జులై నుంచే శిక్షణకు రమ్మంటుంది. అటు క్రికెట్ కూడా సెప్టెంబరు లోపలికి జరిగింది.

లాంగ్ఆన్:
ప్రశ్నలో "పురుషుల్లో" అనే మాట తప్పక పెట్టండి. క్లేర్ టేలర్ ఇంగ్లండ్ తరఫున 1993 క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది, 1995 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కీ వెళ్లింది. ఆ మాట లేకపోతే "మిల్టన్" తప్పు జవాబవుతుంది.